నాన్న కథ రాసేవాళ్లు

అమ్మ మీద రాయడం తేలికని కాదు గానీ, నాన్న గురించి నిజం కథ రాసి అచ్చుకివ్వాలంటే గుండె ధైర్యం కావాలి. ఆయన అప్పులు, కోపం, మొండితనం అన్నీ ఊళ్లోవాళ్లు చదువుతారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు మిట్టూరోడి కతల్లో, ఖదీర్‌బాబు దర్గామిట్ట కతల్లో ఇంటివాళ్లను ఇంటి యాసలోనే, దాపరికం లేకుండా నిలబెట్టారు. అందుకే వాళ్లంటే నాకంత గౌరవం.

ఈ పనిలో నేర్పంతా ఎంచుకోవడంలోనే ఉంది. నాన్న మా కోసం ఎంతో కష్టపడ్డారన్న వాక్యం ఏ నాన్నకైనా అతుకుతుంది. సిగరెట్ పెట్టె చించి, లోపలి తెల్లవైపు ఎరువుల కొట్టు బాకీ రాసుకుని, బస్సు టికెట్‌తో కలిపి జేబులో పెట్టుకునే మనిషి మాత్రం ఒక్కడే. అలాంటి అట్టముక్క గుర్తొచ్చేదాకా మంచి రచయితలు కథ మొదలుపెట్టరు. అమ్మనడుగుతారు, బాబాయినడుగుతారు. ఇద్దరి మాటా కలవకపోతే ఆ తేడానీ కథలో ఉంచుతారు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. అప్పిచ్చినాయన పేరు మారుస్తారు గానీ అప్పును చెరపరు. చివర్లో నాన్నను దేవుణ్ని చేసే పేరా ఒకటి తోసుకొస్తుంది; దాన్ని కొట్టేశాకే పత్రికకు పంపుతారు.