ఐదు మెట్ల వెలుగు

రాత్రి పదిన్నరకి వంటింటి గట్టు మీద తెల్ల తువ్వాలు పరిచి, దాని మీద మట్టికూజా పెడతాను. పైలైటు ఆర్పేసి, ఎడమపక్క నుంచి పడేలా టేబుల్ లైటు ఒక్కటే ఉంచుతాను. ఒళ్లో పెన్ టాబ్లెట్, ఫోన్లో ముప్పై నిమిషాల టైమర్. గుండ్రటి పెద్ద బ్రష్ ఒకటే. జూమ్ చెయ్యను, అండూ నొక్కను. రంగుల జోలికి అసలే పోను. తెలుపు, నలుపు, మధ్యలో మూడు బూడిద ఛాయలు. మొత్తం ఐదు మెట్లు. "ఆ కూజాని ఇంకెన్నిసార్లు వేస్తావురా?" అంటుంది అమ్మ, మంచినీళ్ల కోసం వచ్చి.

పగలు నా ఉద్యోగం గేములకి కాన్సెప్ట్ ఆర్ట్ వెయ్యడం. ఒక కోట ఎలా ఉండాలో, పొద్దు వాలేవేళ ఆ కోటలో ఏ గోడ మీద ఎండ మిగలాలో, త్రీడీ మోడల్ చేసేవాళ్లకి ముందే బొమ్మ వేసి చూపించాలి. గడువు తరుముతుంటే చేతికి అలవాటైన దారిలోనే పోతాం. అది తప్పని నేననను. కానీ కొత్త పద్ధతి పట్టుబడేది మాత్రం ఎవరూ అడగని, ఎవరికీ ఇవ్వక్కర్లేని ఈ అరగంటలోనే.

దీని అవసరం తెలిసొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఒక స్టూడియోలో ఉద్యోగం కోసం నా బొమ్మలు చూపించాను. నిప్పుల వాగు, ఊదారంగు ఆకాశం, ఎర్రజెండాలు. ఎదురుగా కూర్చున్న సీనియర్ ఆర్టిస్టు నా బొమ్మ పైన కొత్త లేయర్ తెరిచి, నలుపు నింపి, దాన్ని 'కలర్' మోడ్‌కి మార్చారు. రంగులన్నీ ఒక్కసారిగా పోయాయి. ఆకాశం, కోట, సైనికులు, అంతా ఒకటే బూడిద ముద్ద. "వెలుగు ఎటునుంచి వస్తోంది బాబూ?" అని అడిగారు, మెల్లగానే. నా దగ్గర జవాబు లేదు.

తెర చేసే మేలులోనే ఈ చిక్కు ఉంది. మామూలు ఎనిమిది బిట్ల బొమ్మలో ఒక్క బూడిదకే 256 మెట్లుంటాయి. రంగులైతే కోటీ అరవై ఏడు లక్షల పైమాటే. ఇన్ని చేతికందుతుంటే, ఏదీ తేల్చుకోకుండానే గంటలు గడిపెయ్యొచ్చు. ఐదే ఉంటే ఆ వీలు లేదు. ప్రతి మరకకీ ముందు, ఇది వెలుగా నీడా అని చెప్పి తీరాలి.

మళ్లీ కూజా దగ్గరికి వస్తాను. మొదట కళ్లు చికిలించి చూడాలి. గీతలూ గరుకులూ కరిగిపోయి రెండే మిగులుతాయి: లైటు పడ్డ భాగం, పడని భాగం. ఆ రెండింటికీ మధ్య ఒక కట్టుబాటు ఉంది. వెలుగువైపు ఎంత ముదురు ఛాయ వేసినా, అది నీడవైపు వేసిన అతి లేత ఛాయ కన్నా తేటగానే ఉండాలి. ఇది తప్పితే గుండ్రదనం పోతుంది. మొదటి పది రోజులూ నేను తప్పింది ఒకేచోట. కూజా పొట్ట కింద, నీడలో, తువ్వాలు మీంచి ఎగదన్నిన వెలుగు పాకుతుంది. చుట్టూ చీకటి కాబట్టి అది తెల్లగా మెరుస్తున్నట్టే ఉంటుంది. కనిపించినట్టు వేస్తే మట్టికూజా కాస్తా స్టీలు బిందె అయిపోతుంది. చివరికి ఒక అట్టముక్కకి చిన్న చిల్లు పెట్టి, అందులోంచి ఆ చోటు ఒక్కటే చూశాను. నేను వేస్తున్నదానికన్నా రెండు మెట్లు ముదురు!

ఒక ఛాయ పక్కనున్న మరో ఛాయని మార్చి చూపిస్తుందని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1839లోనే పుస్తకం అచ్చేశాడు. పారిస్‌లోని గోబ్లాం నేత కార్ఖానాలో అద్దకాల విభాగం ఆయన చేతిలో ఉండేది. నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదు వస్తే, ఆయన వెతికి వెతికి, లోపం దారంలో లేదు, దాని పక్కన నేసిన రంగుల్లో ఉందని పట్టుకున్నాడు. ఆ మాట చదివినప్పటికంటే, అట్ట చిల్లులోంచి చూసినప్పుడే నాకు అర్థమైంది.

అంచులు ఇంకో పాఠం. కూజా మూతి దగ్గర అంచు కత్తిలా ఉంటుంది, పొట్ట మలుపు దగ్గర పొగలా. తువ్వాలు మీద పడ్డ నీడ కూజా మొదట్లో పదునుగా ఉండి, దూరం పోయేకొద్దీ చెదురుతుంది. అన్నీ ఒకే పదునుతో వేస్తే, కత్తిరించి అంటించిన కాగితంలా ఉంటుంది బొమ్మ. చాలా డిజిటల్ చిత్రాల్లో జీవం లేకపోవడానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం.

ఈ సాధన కంప్యూటర్‌తో పుట్టింది కాదు. బోయింగ్ కంపెనీకి సాంకేతిక చిత్రాలు గీసిన రాల్ఫ్ మెక్వారీ, 1975లో జార్జ్ లూకాస్ అడిగితే 'స్టార్ వార్స్' దృశ్యాలు గ్వాష్ రంగులతో వేశాడు. స్టూడియోవాళ్లకి ఆ సినిమా మీద నమ్మకం కుదరడంలో ఆ బొమ్మలకి పెద్ద వాటా ఉంది. 'బ్లేడ్ రన్నర్' నగరాన్ని ఊహించిన సిడ్ మీడ్ చేతిలోనూ గ్వాషే. తర్వాత కంప్యూటర్ మీద బొమ్మలకి దారివేసినవాళ్లలో క్రెయిగ్ మలిన్స్ ఒకడు. ఆయన పని దగ్గర్నుంచి చూస్తే నాలుగు మొరటు మరకలు, వెనక్కి జరిగితే మనుషులు. ప్రతి మరకా తన మెట్టు మీద సరిగ్గా కూర్చుంది కాబట్టే అలా కుదిరింది.

రెండో నెలలో రంగులోకి దిగాను, అదీ నాలుగింటితోనే. తెలుపు, పసుపు ఓకర్, ఎరుపు, నలుపు. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరుమీద చెప్పుకునే పొందిక ఇది. 1896లో ఆయన వేసుకున్న తన చిత్రంలో చేతిలోని పలక మీద కనిపించేవి ఆ నాలుగే. నీలం లేదు. ఒక ఆదివారం అమ్మని కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. ఒంటి ఛాయకి ఓకర్, ఎరుపు, చిటికెడు నలుపు సరిపోయాయి. వెలిసిపోయిన నీలం చీరకేమో నలుపూ తెలుపూ కలిపిన బూడిద తప్ప గతి లేదు. అదే వేసి చూపించాను. "నా పాత నీలంచీరే కదూ!" అంది అమ్మ. ఆ చోట కలర్ పికర్ పెట్టి చూస్తే శాచురేషన్ సున్నా.

ఆఫీసులో ఒకప్పుడు ఒక్క బొమ్మనే మూడు రోజులు చెక్కి తీసుకెళ్తే, వెలుగు మార్చమనేవాళ్లు. మొన్న రాత్రివేళ రేవు అడిగితే, అరచేతిలో ఇమిడేంత బొమ్మలు పన్నెండు వేశాను, మూడేసి ఛాయల్లో, గంటన్నరలో. డైరెక్టర్ ఒకదాని మీద వేలు పెట్టారు. చివరిదాకా అదే నిలిచింది. కొత్త బ్రష్‌ల కట్టలు కొనేవాళ్లకి, రోజుకి మూడు పాఠాల వీడియోలు చూసేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ముందు ఓ కూజా తెచ్చుకోండి.

ఈ నెల నేను పెట్టుకున్నది 'మాయాబజార్'. మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకత్వం, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం, 1957. వెన్నెల అనగానే డిజిటల్ ఆర్టిస్టు చెయ్యి నేరుగా నీలానికి పోతుంది. 'లాహిరి లాహిరి'లో నీలం చుక్కైనా లేదు, అయినా తెలుగువాళ్లందరికీ వెన్నెలంటే అదే. 2010లో సినిమా రంగుల్లోనూ వచ్చింది గానీ, నేను నలుపు తెలుపుదే పెట్టుకుని, పాట ఆపి ఆపి, ఒక్కో ఫ్రేమునీ ఐదు మెట్లలో వేస్తున్నాను. నిన్న రాత్రి పడవ దగ్గర, పూర్తి తెలుపు ఎక్కడ వాడాలో తేలక చాలాసేపు కూర్చున్నాను. ముఖాలకే అనుకున్నాను. కళ్లు చికిలించి చూస్తే, ఆ తెలుపు నీటి తళుకులది. ముఖాలు ఒక మెట్టు కిందే ఉన్నాయి. అది సరిచేసేసరికి టైమర్ మోగింది. చెట్లు ఇంకా వెయ్యాలి.