సూది ఎప్పుడు వేయించుకున్నారు?

పరీక్ష చీటీ మీద సీపీకే అని కనిపిస్తే నేను రక్తం కోసం సిరంజి తీసే ముందే అడుగుతాను: “ఈమధ్య కండకు సూది ఏమైనా వేయించుకున్నారా అమ్మా?” చాలామంది లేదంటారు. మనవాళ్లు మందులంటే మాత్రలే లెక్కేస్తారు, సూదిని మర్చిపోతారు. కాసేపు ఆగితే, “ఒళ్లు నొప్పులని మొన్న మా ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఒకటి వేశారు” అని గుర్తు చేసుకుంటారు. ఆ ఒక్క మాటతో రిపోర్టు అర్థమే మారిపోవచ్చు.

సీపీకే కండరాల కణాల్లో పనిచేసే ఎంజైమ్. కణం పొర చెడితే రక్తంలోకి వచ్చేస్తుంది. సూది మొన చేసే గాయం చిన్నదే, అసలు నష్టం లోపల పోసిన మందుది. డైక్లోఫెనాక్ లాంటి మందు పడ్డ చోట కొన్ని కండ కణాలు చచ్చిపోతాయి. కొన్ని గంటల్లోనే ఎంజైమ్ పెరగడం మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో బాగా ఎక్కి, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. కాలేయ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ కూడా కండలో ఉండేదే కాబట్టి, కాలేయం బాగున్నా అది కొంచెం పెరగవచ్చు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేవి మానసిక వైద్య వార్డు నుంచి వచ్చే నమూనాలు. ఉద్రేకంలో ఉన్న మనిషికి హాలోపెరిడాల్ సూది వేస్తారు, కట్టేస్తారు, అతను పెనుగులాడతాడు. ఇవన్నీ సీపీకేను పెంచేవే. అదే మందు వల్ల అరుదుగా ప్రాణం తీసే న్యూరోలెప్టిక్ మాలిగ్నంట్ సిండ్రోమ్ రావచ్చు, అందులోనూ సీపీకే పెరుగుతుంది. అప్పుడు జ్వరం ఉందా, ఒళ్లు బిగుసుకుందా, తెలివి ఎలా ఉందని చూడాలి. సూది వల్లేలే అని తోసేయడం కన్నా పెద్ద తప్పు ఇక్కడ లేదు. మళ్లీ రక్తం తీసి, అంకె ఎక్కుతోందో దిగుతోందో చూడాల్సిందే.

గుండెపోటు అనుమానంలో సీపీకే బదులు ట్రోపోనిన్ పరీక్ష వచ్చాక మా పని తేలికైంది, కండకు వేసిన సూదితో అది పెరగదు. అయినా ఛాతీ నొప్పితో వచ్చినవారికి కండకు సూది వేయొద్దు. తర్వాత రక్తపు గడ్డ కరిగించే మందు ఇవ్వాల్సి వస్తే సూది పడ్డ చోట రక్తం కారవచ్చు.

డాక్టర్లకు, నర్సమ్మలకు నా మనవి ఒక్కటే. సూది వేసి ఉంటే చీటీ మీద మందు పేరు, వేసిన వేళ రాయండి. వీలైతే సూదికి ముందే రక్తం తీయండి. పరీక్షకు వచ్చే మీరు కూడా, మేం అడగకపోయినా, సూది సంగతి చెప్పండి.