‘లభించలేదు’ అనే నిర్ణయం: తెలుగు వికీపీడియా అన్వేషణ సంకేతాలు – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

‘ఆధారాలు లభించలేదు’ అనే వాక్యానికి సిద్ధాంతగ్రంథంలో చాలా బరువుంటుంది. ఆ నిర్ణయం ఇప్పుడు తరచుగా అన్వేషణ పెట్టెలో టైపు చేసిన ఒక్క మాట మీద ఆధారపడుతోంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, అనేకులు కలిసి రాయడానికి వీలిచ్చే మీడియావికీ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. అందులోని సెర్చ్ ఆపరేటర్లు, అంటే అన్వేషణను కుదించే లేదా విస్తరించే సంకేతాలు, తెలుగు పదస్వభావానికి ఎంతవరకు సరిపోతాయో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం పేరును ఉదాహరణగా తీసుకొని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. పదరూపం – సంకేతం

ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచిన పదాన్ని యంత్రం యథాతథంగా వెతుకుతుంది. ‘ఇబ్రహీంపట్నం’ అని అడిగితే ‘ఇబ్రహీంపట్నంలో’, ‘ఇబ్రహీంపట్నానికి’ అనేవి దానికి వేరే పదాలు. ఇంగ్లీషులో ఈ అర్థాలను విడిపదాలు మోస్తాయి కనుక ఊరిపేరు మారదు. తెలుగులో ప్రత్యయం పేరుకే అతుక్కుంటుంది. అందువల్ల అత్యంత కచ్చితమైనదిగా కనిపించే సంకేతమే ఇక్కడ ఎక్కువ సమాచారాన్ని వదిలేస్తుంది. ‘ఇబ్రహీంపట్న’ వరకు రాసి నక్షత్రపు గుర్తు చేరిస్తే విభక్తి రూపాలు దొరుకుతాయి. అయినా ‘ఇబ్రహీంపట్టణం’, ‘ఇబ్రహీం పట్నం’ వంటి రాతలు మిగిలిపోతాయి. అనేకులు రాసే చోట ఇటువంటి భేదాలు సహజం. వాటిని ఊహించి, విడివిడిగా వెతకవలసిన బాధ్యత పరిశోధకుడిదే.

3. మినహాయింపులో దాగిన ఊహ

ఇదే పేరుతో విజయవాడ సమీపంలో ఒక ఊరు, జగిత్యాల జిల్లాలో మరొక ఊరు ఉన్నాయి. మొదటిది 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడే వరకు కృష్ణా జిల్లాలో ఉండేది. దాన్ని తప్పించడానికి ‘కృష్ణా’ అనే పదానికి ముందు మైనస్ గుర్తు పెట్టడం సులువుగా తోస్తుంది. కానీ మూసీ కృష్ణకు ఉపనది. రంగారెడ్డి జిల్లా నీటివనరులను చర్చించే పుటలో ‘కృష్ణా’ అనే మాట ఒక్కసారి వచ్చినా ఆ పుట మొత్తం ఫలితాల నుంచి తొలగిపోతుంది.

‘రంగారెడ్డి’ అనే పదాన్ని తప్పనిసరి చేసినా చిక్కే. ఆ జిల్లా 1978లో హైదరాబాదు జిల్లా నుంచి ఏర్పడింది. అంతకు ముందరి చరిత్రను పాత జిల్లా పేరుతోనే చెప్పిన పుట ఈ అన్వేషణకు చిక్కదు. అన్వేషణను శీర్షికలకే పరిమితం చేసే ఇన్‌టైటిల్ ఆదేశం ఊరి పుటను చూపవచ్చు గాని, మరో వ్యాసం మధ్యలో వచ్చిన ఇబ్రహీంపట్నం చెరువు ప్రస్తావనను చూపదు. ప్రతి సంకేతం వెనుక వెతికేవారి భౌగోళిక, చారిత్రక ఊహ ఒకటి ఉంటుందని దీనివల్ల తెలుస్తోంది.

4. ముగింపు

ఈ పరిమితులన్నిటినీ సాఫ్ట్‌వేర్ లోపంగా చూపడం సమంజసం కాదు. తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారు తాము చూసిన ప్రతులను, పాఠాంతరాలను పేర్కొంటారు. డిజిటల్ ఆధారాలను వాడేవారు కూడా అదే పద్ధతిలో తాము వెతికిన పదరూపాలను, వాడిన సంకేతాలను నమోదు చేయాలి. పుటలు నిత్యం మారుతుంటాయి కనుక వెతికిన తేదీని కూడా చేర్చాలి. ఆ వివరాలు ఉన్నప్పుడే ‘లభించలేదు’ అనే మాటను మరొక పరిశోధకుడు పరీక్షించగలుగుతాడు.