అలకనంద వార్తలో కొరవడినది

వింతను చెప్పినంత మాత్రాన శాస్త్రం చెప్పినట్లు కాదు. 2025లో పూనేలోని జాతీయ రేడియో ఖగోళ భౌతిక కేంద్రానికి చెందిన రాశి జైన్, యోగేశ్ వాడదేకర్ గార్లు ప్రకటించిన ‘అలకనంద’ గెలాక్సీని గూర్చిన వ్రాతలను చూచిన ఈ మాట చెప్పక తప్పదు. విశ్వానికి సుమారు 150 కోట్ల ఏండ్ల వయస్సు మాత్రమే ఉన్న కాలంలోనే ఆ సర్పిల గెలాక్సీకి రెండు చక్కని చుట్టుభుజాలు ఏర్పడినవి. అంత తొలినాళ్లలో గెలాక్సీలు చాలవరకు రూపుదిద్దుకోని ముద్దలుగా ఉండేవని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కనుక ఆశ్చర్యపడుట సమంజసమే.

అయితే ‘1200 కోట్ల కాంతి సంవత్సరాల కిందటిది’ అని వ్రాయుట పొరపాటు. కాంతి సంవత్సరం దూరానికి కొలతయే గాని కాలానికి కాదు. దాని వెలుగు మనలను చేరుటకు సుమారు 1200 కోట్ల ఏండ్లు పట్టినది. ఈలోగా విశ్వం వ్యాకోచించినందున, కాంతి సంవత్సరాలలో దాని నేటి దూరం ఆ అంకెకు దాదాపు రెండింతలు.

ఇంతకన్న పెద్ద లోపం, ఈ సంగతి ఎట్లు తెలిసినదో చెప్పకపోవుట. జేమ్స్ వెబ్ దూరదర్శిని ఆ కాంతిని 21 వడపోతల గుండా కొలిచినది. ఏ తరంగాలలో వెలుగు ఎంత ఉన్నదో పోల్చి దూరాన్ని లెక్క కట్టినారు. నడుమనున్న ఏబెల్ 2744 అను గెలాక్సీల గుంపు, తన గురుత్వాకర్షణచే భూతద్దం వలె పనిచేసి ఆ వెలుగును హెచ్చించినది. ప్రకటన నాటికి ఆ బిళ్ల ఎట్లు తిరుగుచున్నదో మాత్రం కొలవలేదు. అందుకు వర్ణపటం కావలెను. ఏది కొలిచినదో, ఏది కొలవవలసినదో విడదీసి చెప్పినప్పుడే పాఠకుడు స్వయంగా తూచి చూడగలడు. హైదరాబాదులోని నిజామియా వేధశాల వారు ఛాయాచిత్ర ఫలకాలపై లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచి పట్టికలు వేసిన పని మన గడ్డ మీదనే జరిగినది. పరిశీలన అనగా కొలత అని మనకు వేరొకరు చెప్పనక్కరలేదు.

మైదుకూరు విద్యార్థికి వెబ్ దూరదర్శిని అందదు. దానిని గూర్చిన తెలుగు వాక్యమే అందును. అయినను కార్తిక మాసపు చీకటి రాత్రి, ఊరి దీపాలకు దూరంగా పొలాల నుండి దేవయాని రాశిని చూచినచో, పొగమరక వంటి ఒక సర్పిల గెలాక్సీ వట్టి కంటికే కనబడును. ఆ వెలుగు 25 లక్షల ఏండ్ల నాడు బయలుదేరినది. అక్కడ మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా అలకనంద దాకా తీసుకొనిపోవు రచన ఆ విద్యార్థికి కావలెను.