ఆ 120 అందరికీనా?

రాయ్‌పూర్ శివార్లలోని ఉర్లా ఇనుము, ఉక్కు కర్మాగారాల ప్రాంతం. అక్కడ పనిచేసి వయసుడిగిన, మధుమేహం ఉన్న తాతగారికి అమెరికాలో జరిగిన ‘స్ప్రింట్’ పరిశోధన వర్తిస్తుందా?

2015లో వెలువడిన ఆ పరిశోధనలో 9,361 మంది పాల్గొన్నారు. పై రక్తపోటును 140 లోపు ఉంచిన వారికన్నా 120 లోపు ఉంచిన వారిలో గుండెజబ్బులు, మరణాలు తగ్గాయి. మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతిన్న గుర్తులు కూడా వీరిలో తక్కువగా పెరిగినట్లు 2019లో తేలింది. మెచ్చదగిన ఫలితమే.

కాని మధుమేహులను, పక్షవాతం వచ్చినవారిని, నిలబడితే రక్తపోటు 110 కన్నా తగ్గేవారిని ఇందులో చేర్చుకోలేదు. బలహీనులైన వృద్ధులు లేచి నిలబడినప్పుడు రక్తపోటు పడిపోతే మెదడుకు రక్తం చాలక తూలిపడవచ్చు. ఈ సంగతి విడిచి 120ని అందరికీ సూత్రంగా చెప్పే వ్యాసాలు సగమే చెబుతున్నాయి. మందు పెంచేముందు తాతగారిని నిలబెట్టి కూడా రక్తపోటు చూడాలి.