చూపుల్లేని పెళ్లి

చీర కొంటే అంచు తిప్పి చూస్తాం. వంకాయ కొంటే పుచ్చు వెతుకుతాం. లక్షలు పోసే కొత్త హైబ్రిడ్ కారుని మాత్రం, ఒక్కసారైనా నడిపి చూడకుండా, కంపెనీవారి రంగుల పుస్తకం చదివి కొనేశారు మావారు!

ఆ పుస్తకాన్ని ఒక రచనగా చూస్తే వర్ణన ఘనం, అనుభవం శూన్యం. 1997లో జపానులో ప్రియస్ వచ్చిననాటి కథే: నెమ్మదిగా వెళ్తే మోటారు, జోరందుకుంటే ఇంజను, బ్రేకు వేస్తే బ్యాటరీకి కాస్త చార్జి. నిజమే. కానీ ఆ బ్రేకు కాలికి ఎలా తగులుతుందో, మోకాళ్ల నొప్పుల అత్తగారు ఎక్కగలరో లేదో ఏ పేజీలోనూ లేదు.

"మైలేజీ చూశావా?" అంటారాయన. చూశాను. అత్తగారు కారెక్కడానికి రోజూ పీట వేస్తూ మరీ చూస్తున్నాను.

పెళ్లిచూపులకి ఓ పూట కేటాయించే మనం, కారుకి అరగంట ఇవ్వలేమా, చెప్పండి?