కూత వినపడని కబడ్డీ

మా వారికి క్రికెట్టు, మా అబ్బాయికి సెల్‌ఫోను, నాకు కబడ్డీ. ఎవరి పిచ్చి వారికి ఆనందం. అయితే వాళ్లిద్దరి పిచ్చి గురించి ఎవరూ పల్లెత్తు మాట అనరు గాని, నవలలు రాసుకునే ఆడమనిషి రాత్రి వంట తొందరగా ముగించి, టీవీ ముందు కూచుని “కాలు పట్టుకో, వదలకు!” అని అరిస్తే మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి వీధంతా నవ్వుతుంది. నవ్వనివ్వండి. ఈ వారం ఆ పిచ్చి గురించే రాద్దామని కూచున్నాను. అభిమానిని కదా అని అన్నీ పొగుడుతానని మాత్రం అనుకోకండి. కోడలి మీద ప్రేమున్న అత్తగారే ఎక్కువ వంకలు పెడుతుంది.

మా చిన్నప్పుడు కృష్ణా జిల్లాలో మా ఊళ్లో ఈ ఆటకి కబడ్డీ అన్న పేరు బడిలోనే. వీధిలోకొస్తే చెడుగుడు. సంక్రాంతికి కళ్లంలో మట్టి దున్ని, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసేవారు. కూతకి వెళ్లినవాడు ఊపిరి బిగబట్టి “చెడుగుడు చెడుగుడు” అంటూ గీత దాటితే, ఆ గొంతు సన్నబడుతున్న కొద్దీ చూసేవాళ్ల ప్రాణం కూడా సన్నబడిపోయేది. అవుటయినవాణ్ణి అవుటన్న పాపాన ఎవరూ పోయేవారు కాదు. “చచ్చాడు” అనేవారు. తన జట్టువాడు అవతల ఒకణ్ణి చంపి వస్తే, చచ్చినవాడు “బతికి” మళ్లీ బరిలోకి వచ్చేవాడు. సాయంత్రం ఇంటికి వెళ్లి “అమ్మా, ఇవాళ నేను నాలుగుసార్లు చచ్చాను” అని చెబితే, మా అమ్మ పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చి నా నోటి మీద ఒక్కటిచ్చేది.

అవును, నేనూ ఆడాను. బడి వెనక ఆడపిల్లలకి వేరే గీతలుండేవి. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీని మొదటిసారి పతకాల ఆటగా పెట్టినప్పుడు, మనవాళ్లు బంగారం గెలిచారని మా నాన్నగారు పేపరు పైకి చదివి వినిపించారు. ఆ పతకం నా మెళ్లోనే వేసినంత సంబరపడ్డాను. ఆ తరవాత రెండేళ్లకి నాకు ఓణీ వేశారు. ఆట మానెయ్యమని ఎవరూ గట్టిగా చెప్పినట్టు కూడా గుర్తులేదు. ఓణీ వేసుకుని కూతకెలా వెళ్తాను?

అందుకని 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు, తెలుగు టైటాన్స్ అని మన పేరుతో ఒక జట్టు వచ్చినప్పుడు నా సంతోషం ఇంతా అంతా కాదు. రాహుల్ చౌదరి అనే కుర్రాడు, మన భాష మాట్లాడేవాడు కాకపోయినా, ఆరు సీజన్లు మన జట్టుకి ఆడి మా వదినగారి లాంటివాళ్లని కూడా కబడ్డీలోకి లాగాడు. మట్టి పోయి మ్యాటు వచ్చింది. మోకాళ్లు చెక్కుకుపోవడం తగ్గింది. ముప్ఫై సెకన్లలో కూత ముగించాలి, రెండుసార్లు వరసగా వట్టి చేతులతో వస్తే మూడోసారి పాయింటు తేవాలి, లేకపోతే అవుటు. ఈ నిబంధన పెట్టినవారికి దణ్ణం పెట్టచ్చు. పూర్వం రెండు పాయింట్లు ముందున్న జట్టు గీత దగ్గరే అటూ ఇటూ తచ్చాడుతూ కాలక్షేపం చేస్తుంటే మనకి ఆవలింతలొచ్చేవి. ఇప్పుడు ఆవలించడానికి వ్యవధి లేదు.

కాని ఒక్కటి పోయింది. కూత పోయింది. నిబంధనల పుస్తకంలో ఇప్పటికీ ఉంది సుమండీ, “కబడ్డీ” అని అంపైరుకి వినపడేటట్టు అంటూనే ఉండాలి, ఆపితే అవుటే. కాని టీవీలో ఆ గొంతు మనకి వినపడుతుందా? పాటలు, డప్పులు, ఈలలు, వాటి మీద వ్యాఖ్యాతల కేకలు. ఆటగాడి పెదవులు కదులుతుంటాయి గాని, అతను మంత్రం చదువుతున్నాడో తమలపాకు నములుతున్నాడో తెలీదు. ఊపిరి ఎంత మిగిలిందో చెవితో తెలుసుకోవలసిన ఆటని, మూల మీద పెట్టిన గడియారం అంకెల్లో చూస్తున్నాం. సంగీతకచేరీని శబ్దం ఆపేసి చూడమంటే ఎలా ఉంటుంది చెప్పండి?

భాష సంగతి మరీ బాధ. మన పత్రికలవాళ్లు కూత, పట్టు అని చక్కగా రాస్తున్నారు. తెలుగు వ్యాఖ్యానంలోకి వచ్చేసరికి రైడు, టాకిలు, సూపర్ టాకిలు, డూ ఆర్ డై. చావో బతుకో అన్న మాట మన నోట్లో ఉండగా ఈ డూ ఆర్ డై ఎందుకో నాకు బోధపడదు. చచ్చాడు, బతికాడు అంటే నాజూకుగా ఉండదని కాబోలు.

ఇక డబ్బు. ఆటగాళ్లని వేలం వేస్తారంటే మొదట్లో నాకు ఒళ్లు మండేది. తరవాత మా వారొక మాట అన్నారు. “వెనకటి కబడ్డీ వాడికి ఏం దొరికేది? బాగా ఆడితే రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం, లేకపోతే ఒక షీల్డూ ఒక తువ్వాలూ. అదే నయమా?” నిజమే, నోరు మూసుకున్నాను. 2023లో మన టైటాన్స్ వాళ్లు పవన్ సెహ్రావత్‌ని రెండు కోట్ల అరవై లక్షలు పోసి తెచ్చుకున్నారు. అప్పటికి అంత ధర ఎవరికీ పలకలేదు. తీరా ఆ సీజన్లో ఇరవై రెండు మ్యాచిలాడి గెలిచినవి రెండు! ఆ రెండింటికీ మా ఇంట్లో పాయసం చేశాను. ఆ ఏడు పంచదార ఖర్చు కలిసొచ్చింది.

నా అసలు ఫిర్యాదు ఇవేమీ కావు. 2016లో ఇదే లీగులో ఆడవాళ్లకి మూడు జట్లతో చిన్న పోటీ పెట్టారు. ఫైనలు జూలై 31న మన గచ్చిబౌలిలోనే. అప్పటికి ఎల్బీనగర్ మెట్రో రాలేదు, అది వచ్చింది 2018 సెప్టెంబరులో. దిల్‌సుఖ్‌నగర్ నుంచి బస్సులు మారి, వానలో తడిసి, ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి పోయాను. తేజస్విని బాయి జట్టు స్టార్మ్ క్వీన్స్, మమతా పూజారి జట్టు ఫైర్ బర్డ్స్. ఇరవైనాలుగు - ఇరవైమూడు. ఒక్క పాయింటు! ఓణీ రోజుల తరవాత నేనలా గొంతు పోయేట్టు అరిచింది అదే. వచ్చే ఏడు ఆరు జట్లవుతాయనుకుంటూ ఇంటికొచ్చాను. వచ్చే ఏడు ఆ పోటీయే లేదు. ప్రొ కబడ్డీలో ఆడవాళ్ల ఆట మళ్లీ రాలేదు.

మెల్‌బోర్న్‌లో ఉన్న మా ఆడపడుచు ఫోనులో చెప్పిన సంగతి వింటే ఇంకా ఉడుకుమోత్తనం వచ్చింది. వాళ్లకక్కడ కోలబంతితో ఆడే ఫుట్‌బాలొకటుంది, ఒకరి మీద ఒకరు ఎగిరి పడే ఆట. వందేళ్లకి పైగా దాని పెద్ద లీగు మగవాళ్లదే. 2017 ఫిబ్రవరిలో ఆడవాళ్ల లీగు మొదలెడితే, మొదటి మ్యాచికి ఇరవై నాలుగు వేలమంది పైగా వచ్చి, ఇక పట్టరని గేట్లు మూసేశారట. ఎనిమిది జట్లతో మొదలై 2022కి పద్దెనిమిదయ్యాయి. మనం వాళ్లకంటే ఒక ఏడాది ముందు మొదలెట్టాం, ఒక్క ఏడాదితో ముగించేశాం.

మన అమ్మాయిలకి ఆట రాక కాదు. 2018 జకార్తాలో మనవాళ్లు ఫైనల్లో ఇరాన్ చేతిలో మూడు పాయింట్ల తేడాతో ఓడారు. తలకి గుడ్డ కట్టుకుని ఆడిన ఆ ఇరాన్ అమ్మాయిలకి ఆట నేర్పినావిడ ఎవరనుకున్నారు? మన నాసిక్ కోచ్ శైలజా జైన్! ఆ తరవాత 2023లో హాంగ్‌ఝౌలో చైనీస్ తైపీ మీద ఇరవైఆరు - ఇరవైఅయిదుతో గెలిచి తెచ్చిన బంగారం ఆ క్రీడల్లో మన దేశానికి నూరో పతకం. నూరో పతకం తెచ్చినవాళ్లకి ఇంటి దగ్గర, మగవాళ్ల లీగు పక్కన ఒక నెల రోజులు జాగా దొరకదా? సినిమాలవాళ్లు నయం, 2021లో “సీటీమార్” అని ఆడపిల్లల కబడ్డీ మీద సినిమా తీశారు. కాకపోతే అందులోనూ పిల్లలు గెలవాలంటే ముందు హీరోగారు ఓ యాభైమందిని తన్నాలి.

మొన్న మా కింది వాటాలో నల్లగొండ నుంచి వచ్చి ఉంటున్నామె పైకి వచ్చింది. వాళ్లమ్మాయి ఇంటర్మీడియట్. చదివే కాలేజీ మూడంతస్తుల మేడ, కింద దుకాణాలు, ఆటస్థలమంటే మెట్లే. ఆ పిల్ల ఆదివారాలు వి.ఎం. హోం గ్రౌండులో కబడ్డీ ఆడుతోందట.

“మీరు కథలు రాస్తరు గద అక్కా, మీ మాటంటే ఇంటది. బంద్ చెయ్యమని జెర చెప్పరాదుండ్రి. మోకాళ్లన్ని దోక్కపోయినయి. రేపు పెండ్లికి ఎవలన్న చూస్తె ఏమంటరు?”

ఎంత బాగా అడిగిందో! మా అమ్మ ఇంత బాగా అడిగి ఉంటే నేనే మానేసి ఉందును. చెబుతాను గాని, ఒకసారి చూసి చెబుదాం, మీరూ రండి అన్నాను.

ఆదివారం పొద్దున్నే వెళ్లాం. నడక మనుషులు గుండ్రంగా తిరుగుతున్నారు, ఒక మూల మట్టిలో గీతలు. పాటల్లేవు, డప్పుల్లేవు. పిల్ల కూతకి వెళ్లింది. పది గజాల దూరానికి వినపడింది కూత, సన్నగా, తెగకుండా. నాకు మా బడి వెనక గోడ కనిపించింది. ఆవిడ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలుచుంది. నలుగురు మీద పడ్డారు, పిల్ల దుమ్ము దులుపుకుని బయటికెళ్లి కూచుంది.

“మా బిడ్డ గట్ల పక్కకు కూసున్నదేంది అక్కా?”

“చచ్చిందమ్మా.”

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కంగారుపడకు, అవతలి జట్టులో ఒకళ్లు చస్తే మీ అమ్మాయి బతికి వస్తుందని చెప్పాను. కాసేపు గీతల వంకే చూసింది. తరవాత కొంగు నడుముకి బిగించి, రెండడుగులు ముందుకి జరిగి అంది:

“ఆ పొడుగు పిల్ల సస్తె బాగుండు అక్కా!”